మబ్బు పట్టిన వేళ పైరు రంగు



భాద్రపద మాసంలో గోదావరి డెల్టాలో ఏ గట్టు మీదైనా ఓ పది నిమిషాలు ఊరికే నిలబడండి. ఒక చిన్న వింత కనిపిస్తుంది. నడినెత్తిన ఎండ కాస్తున్నప్పుడు వరిచేను తళతళలాడుతూ ఉంటుంది గానీ, ఆ పచ్చదనం కొంచెం వెలిసినట్టుంటుంది. ఇంతలో ఓ మబ్బు వచ్చి సూర్యుడికి అడ్డం నిలుస్తుంది. వెలుతురు ఒక్కసారిగా సగానికి పైగా తగ్గిపోతుంది. చేను మసకబారాలి కదా? బారదు. పచ్చదనం ఇంకా చిక్కబడుతుంది. దుబ్బుల మధ్య, ఇందాకటి దాకా నల్లగా కనిపించిన చోట కూడా ఆకులు కనిపించడం మొదలవుతాయి. మబ్బు తొలగగానే మళ్ళీ ఆ తళతళ, ఆ వెలిసిన రంగు.

తోటల్లో ఫొటోలు తీసేవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. పెళ్ళికి ముందు జంటను కొబ్బరితోటలోకి తీసుకెళ్ళి ఫొటోలు తీసే కుర్రాళ్ళు మబ్బు కోసం కాచుక్కూచుంటారు. వెలుతురు తగ్గితే రంగు పెరగడం ఏమిటి? ఈ ప్రశ్నతో మొదలుపెట్టి, అది ఎంతదూరం తీసుకెళ్తే అంతదూరం పోదాం. చివరికి అది 500 కిలోమీటర్ల పైనున్న ఉపగ్రహం దాకా పోతుంది.

ముందు ఒక్క ఆకు సంగతి చూద్దాం. ఆకు మీద పడిన వెలుతురుకి మూడే దారులు. లోపల ఇంకిపోవాలి, లేదా వెనక్కి తిరగాలి, లేదా ఆకును దాటుకుని కిందికి పోవాలి. ఎరుపు కాంతి నూరు పాళ్ళు పడితే వెనక్కి వచ్చేది నాలుగో ఐదో. మిగతాదాన్ని పత్రహరితం మింగేస్తుంది. నీలం సంగతీ అంతే. ఆకుపచ్చ కాంతి మాత్రం ఓ పది పాళ్ళు తిరిగొస్తుంది. ఆ పది పాళ్ళనే మనం పచ్చదనం అంటున్నాం. మొక్క తిని వదిలేసిన మెతుకులే మన కంటికి అందమన్నమాట.

ఇక ఎరుపు దాటిన తర్వాత, మన కంటికి ఆనని పరారుణ కాంతి ఉంది. సుమారు 700 నానోమీటర్ల దగ్గర ఆకు నడత ఉన్నట్టుండి మారిపోతుంది. అక్కడి నుంచి పడినదాంట్లో దాదాపు సగం వెనక్కి కొట్టేస్తుంది, మిగతాదాంట్లో ఎక్కువభాగాన్ని కిందికి వదిలేస్తుంది. లోపల ఉంచుకునేది చాలా తక్కువ. ఎందుకంటే ఆకు లోపలి పొర స్పాంజి లాగా గాలి గదులతో నిండి ఉంటుంది. సబ్బునీళ్ళు స్వచ్ఛం, గాలీ స్వచ్ఛమే. రెండూ కలిసి నురగైతే మాత్రం తెల్లగా ఉంటుంది. గాలి, నీరు కలిసే ప్రతి అంచు దగ్గరా వెలుతురు దారి తప్పుతుంది కాబట్టి. పరారుణానికి ఆకు లోపలిభాగం అలాంటి నురగే.

దీన్ని ఇంట్లో చూడొచ్చు. టీవీ రిమోట్ పంపేది ఈ పరారుణ కాంతినే. పెరట్లోంచి ఓ మందార ఆకు కోసి రిమోట్ ముందు అడ్డం పెట్టి మీట నొక్కండి. ఛానల్ మారుతుంది. పచ్చటి ఆకు మన కంటికి అడ్డుగోడ, రిమోట్‌కి గాజు తలుపు. 1910లో రాబర్ట్ వుడ్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త పరారుణంలో ఫొటోలు తీసి ప్రచురిస్తే చూసినవాళ్ళు నివ్వెరపోయారు. ఆకాశం నల్లగా, చెట్లేమో మంచు కురిసినట్టు తెల్లగా వచ్చాయి. మన దేశంలో ఈ ఉపాయాన్ని పైరు జబ్బు పట్టుకోవడానికి మొదట వాడింది కేరళ కొబ్బరితోటల మీద. పిషారోత్ రామ పిషారోటి గారి బృందం 1970 ప్రాంతంలో హెలికాప్టర్‌లోంచి పరారుణ ఫిల్ము మీద తోటల్ని ఫొటోలు తీసింది, వేరు తెగులు పట్టిన చెట్లను గుర్తించడానికి. అంతరిక్షం నుంచి పైరును చూసే మన దేశపు విద్యకు అక్షరాభ్యాసం కొబ్బరిచెట్టు కింద జరిగిందంటే కోనసీమ శ్రోతలకు సంతోషంగా ఉండొచ్చు.

ఒక ఆకు సంగతి ఇది. చేను మాత్రం ఒక్క ఆకు కాదు. లక్షల ఆకులు ఒకదాని మీద ఒకటి పరుచుకున్న పందిరి. పందిరన్నాక నీడలుంటాయి. ఎండ వేళ మీరు చూసే చేనులో కొంతభాగం ఎండలో ఉన్న ఆకులు, కొంతభాగం వాటి నీడలు. ఎంతభాగం ఏది అన్నది మీరు ఎక్కడ నిలబడ్డారన్నదాన్ని బట్టి ఉంటుంది. పొద్దున్న ఎనిమిదింటికి తూర్పు గట్టు మీద నిలబడి, సూర్యుణ్ణి వీపుకి పెట్టుకుని చూస్తే చేను లేతగా, వెలుగ్గా ఉంటుంది. అదే చేనును అదే నిమిషంలో పడమటి గట్టు నుంచి, సూర్యుడికి ఎదురుగా చూస్తే ముదురుగా, నల్లపచ్చగా కనిపిస్తుంది. ఎరువు ఒకటే, నీరు ఒకటే, విత్తనం ఒకటే. చూసేవాడు గట్టు మారాడంతే. ఈ గట్టువాడూ ఆ గట్టువాడూ యూరియా ఎవరు ఎక్కువ వేశారని వాదించుకోవడం నేను విన్నాను.

సూర్యుడు సరిగ్గా మన వెనక ఉన్నప్పుడు ఇంకో తమాషా. అప్పుడు ప్రతి ఆకూ తన నీడను తన వెనకే దాచుకుంటుంది, మనకు నీడలే కనిపించవు. విమానంలో సూర్యుడికి అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చుని కిందికి చూడండి. అడవుల మీదా చేల మీదా విమానం నీడ పడే చోటు చుట్టూ ఒక వెలుగు మచ్చ మనతోపాటే పరిగెడుతుంటుంది. రబీ పంట దాళ్వా నారుమళ్ళ దగ్గర పొద్దు పొడిచిన వేళ మంచు బిందువుల మీద మన తల నీడ చుట్టూ కనిపించే వెలుగు వలయం కూడా దీనికి దగ్గర చుట్టమే. అక్కడ నీడ దాగడంతోపాటు మంచుబొట్లు బుల్లి భూతద్దాల్లా పనిచేస్తాయి. ఎవరి తల చుట్టూ ఉన్న వలయం వాళ్ళకే కనబడుతుంది, పక్కవాడి తల చుట్టూ కనబడదు. పదహారో శతాబ్దపు ఇటలీ శిల్పి చెల్లీని తన తల చుట్టూ కాంతి ఉందని ఆత్మకథలో గర్వంగా రాసుకున్నాడు. పక్కవాళ్ళందరూ మనసులో అదే అనుకుంటున్నారని ఆయనకు తెలియలేదు పాపం.

ఇప్పుడు మబ్బును రానిద్దాం.

ఎండ రెండు రకాలుగా నేలను చేరుతుంది. ఒకటి సూర్యుడి నుంచి గురి తప్పకుండా వచ్చే నేరు ఎండ. రెండోది గాలిలోనూ మబ్బుల్లోనూ చెదిరి ఆకాశం నలుమూలల నుంచీ వచ్చే వెలుతురు. తేడా చూడాలంటే మామిడిచెట్టు కిందికి వెళ్ళండి. ఎండ వేళ నేల మీద రూపాయి బిళ్ళల్లా గుండ్రటి వెలుగు చుక్కలు కనిపిస్తాయి. ఆకుల సందులు గుండ్రంగా ఉండవు, చుక్కలు మాత్రం గుండ్రమే. అవి సూర్యుడి బొమ్మలు. అందుకే గ్రహణం రోజున అవి నెలవంకల్లా మారతాయి. మబ్బు పడితే ఆ బిళ్ళలన్నీ ఎవరో ఏరుకుపోయినట్టు మాయమవుతాయి. చెట్టు కింద చీకటి పడిందా అంటే, లేదు. నీడ ఎక్కడుందో వెలుగు ఎక్కడుందో తెలియకుండా ఒక మెత్తటి వెలుతురు అంతటా పరుచుకుంటుంది.

ఎందుకంటే సూర్యుడు మన ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న చిన్న దీపం. ముసురు పట్టిన ఆకాశమేమో తలపైనంతా పరిచిన ఒకే పెద్ద దీపం. చిన్న దీపానికి గట్టి నీడ, పెద్ద దీపానికి నీడే లేదు. ఆకుల పందిరిలోకి వెలుతురు ఇప్పుడు ఒక్క వాలులో కాకుండా వెయ్యి వాలుల్లో దిగుతుంది. ఎండ చొరని సందుల్లోకి కూడా చొరబడుతుంది.

మొదట్లో అడిగిన ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. ఎండలో ఆకు పైనున్న మైనపు పూత అద్దంలా మెరుస్తుంది. ఆ మెరుపు తెల్లటిది. ఆకు లోపలికి పోకుండా పైపైనే తిరిగొచ్చిన సూర్యకాంతి కాబట్టి దానిలో పచ్చదనం లేదు. అది నిజమైన రంగు మీద తెల్లసున్నం పూసినట్టు పడుతుంది. పోలరాయిడ్ కళ్ళజోడు పెట్టుకుని పొలం చూసినవాళ్ళకి ఈ సున్నం తొలగితే ఎలా ఉంటుందో తెలుసు. పైగా ఎండలోని ఆకులకు అలవాటు పడిన కన్ను నీడలోని ఆకుల్ని నల్లగా చూస్తుంది. మబ్బు పట్టగానే ఆ మిలమిలలు అణుగుతాయి, నీడలు తేలికవుతాయి, లోపలి ఆకులు కూడా రంగుతో పలుకుతాయి. తక్కువ వెలుతురులో ఎక్కువ పచ్చదనం అందుకే.

కంటికి ఇది అందం. కొలిచేవాడికి మాత్రం తలనొప్పి. నా తలనొప్పి ఒకటి చెబుతాను.

కొన్నేళ్ళ కిందట సెప్టెంబరులో ఒక రోజు, పొట్టదశలో ఉన్న చేను ఎంత వెలుతురు తిప్పి పంపుతోందో కొలవడానికి వెళ్ళాను. పని తేలికే. పడిన వెలుతురంతా దాదాపు పూర్తిగా వెనక్కి పంపే తెల్లపలక ఒకటి ఉంటుంది. ముందు మీటరును దాని మీదికి గురిపెట్టి ఎంత వస్తోందో రాసుకోవాలి. తర్వాత చేను మీదికి గురిపెట్టాలి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే చేను తిప్పి పంపిన పాలు తేలుతుంది. ఆకాశంలో దూదిపింజల్లాంటి మబ్బులు పోతున్నాయి. పలకను కొలిచేటప్పుడు ఓ పింజ అడ్డం వచ్చింది. నేను చూసుకోలేదు. చేను వైపు తిరిగేసరికి మబ్బు పోయి ఎండొచ్చింది. లెక్క కడితే పరారుణంలో చేను నూటికి 135 పాళ్ళు వెనక్కి పంపుతోందని వచ్చింది.

చేను రైతు గట్టు మీద కూర్చుని నా కాగితం కేసే చూస్తున్నాడు. సంగతి చెప్పాను. ఆయన బీడీ ఆర్పేసి, "ఏవండీ మాస్టారూ, పడినదానికన్నా తిరిగొచ్చింది ఎక్కువంటారేంటండీ? మా చేను సూర్యుడికి వడ్డీ కూడా కలిపి కట్టేస్తందాండీ?" అన్నాడు.

"లేదు బాబాయ్ గారూ, అసలు రాసుకునేటప్పుడు నేను తప్పు రాశాను" అన్నాను.

తప్పు ఎంతంటే, మబ్బు నీడలో వెలుతురు మూడోవంతుకి పడిపోయింది. దాంతో అసలు 45గా ఉండాల్సిన పాలు మూడింతలై 135 అయింది. ఎరుపులో 4 ఉండాల్సింది 12 అయింది. ఇక్కడ చిత్రం ఒకటుంది. పైరు ఆరోగ్యం చూడటానికి శాస్త్రవేత్తలు వాడే పచ్చదనపు సూచిక ఒకటి 1970ల మొదట్లోనే వాడుకలోకి వచ్చింది. పరారుణంలోంచి ఎరుపును తీసేసి, ఆ వచ్చినదాన్ని రెండింటి మొత్తంతో భాగించాలి. సరైన అంకెలతో 45లోంచి 4 పోతే 41, దాన్ని 49తో భాగిస్తే 0.84. నా తప్పుడు అంకెలతో 135లోంచి 12 పోతే 123, దాన్ని 147తో భాగించినా అదే 0.84. రెండు అంకెలూ ఒకే రీతిన తప్పితే భాగహారంలో తప్పు తప్పును కొట్టేస్తుంది. ఆ సూచిక అంతగా ప్రచారంలోకి రావడానికి ఇదో పెద్ద కారణం.

పూర్తిగా కొట్టేస్తుందా అంటే కొట్టేయదు. మబ్బు నీడలోకి వచ్చే వెలుతురులో నీలాకాశం వాటా ఎక్కువ. నీలాకాశం నీలాన్ని ధారాళంగా చెదరగొడుతుంది, ఎరుపును అంతకంటే తక్కువ, పరారుణాన్ని మరీ తక్కువ. అంచేత నీడలో పరారుణం ఎరుపు కంటే కొంచెం ఎక్కువగానే తగ్గుతుంది. ఉపగ్రహ చిత్రంలో మబ్బు నీడ పడిన చేను, ఏ జబ్బూ లేకపోయినా కొంచెం నీరసంగా కనిపించడానికి కారణం అదే. చిత్రాలు చదివే మనిషి మబ్బును చూసి ఊరుకోకూడదు. ఆ మబ్బు నీడ ఏ ఊరి మీద పడిందో కూడా వెతకాలి. తెల్లటి మబ్బు దొంగలా దొరికిపోతుంది. దాని నీడే చేలల్లో కలిసిపోయి మోసం చేస్తుంది.

పింజ మబ్బులు ఇంకో మాయ కూడా చేస్తాయి. సూర్యుడికి అడ్డం రాకుండా పక్కన నిలబడ్డ తెల్లమబ్బు తన ఒంటి మీద పడిన ఎండను కూడా కిందికి తోస్తుంది. అప్పుడు నేరు ఎండ, మబ్బు తోసిన వెలుతురు రెండూ కలిసి, మబ్బే లేని రోజు కంటే ఎక్కువ వెలుగు నేల మీద పడుతుంది. మామూలుగా నిర్మలమైన మధ్యాహ్నం చదరపు మీటరుకు సుమారు 1000 వాట్లు చేరతాయి. వాతావరణం పైన, గాలి తగలక ముందు ఉండేది 1361. పింజ మబ్బుల సందున కొద్దిసేపు ఈ 1361ని కూడా దాటిన కొలతలు ఉన్నాయి. సోలార్ ప్లాంట్లు నడిపేవాళ్ళకు ఈ ఉరుకులూ పరుగులూ బాగా అనుభవం. అందుకే డ్రోను ఎగరేసి పైరును ఫొటోలు తీసేవాళ్ళు ఒక్క మబ్బూ లేని ఎండనైనా కోరుకుంటారు, ఒక్క సందూ లేని ముసురునైనా కోరుకుంటారు. మధ్యరకం వద్దంటారు. డ్రోను నెత్తిన ఆకాశం వైపు చూసే చిన్న కన్ను ఒకటి పెట్టేది కూడా, ఫొటో తీసిన క్షణాన పైనుంచి ఎంత వెలుతురు దిగుతోందో రాసుకోవడానికే.

రైతుకి ఈ గొడవంతా ఎందుకు అనుకోవచ్చు. కానీ రైతు చేతిలోనే ఉన్న ఒక పనిముట్టు ఈ సూత్రం మీద నడుస్తోంది. వరికి నత్రజని చాలిందా లేదా చూడటానికి ఆకు రంగు పట్టిక అని ఒక ప్లాస్టిక్ పట్టీ ఇస్తారు. లేతపచ్చ నుంచి ముదురుపచ్చ దాకా గళ్ళుంటాయి. పది దుబ్బుల్లో ఆకులు పట్టుకుని పోల్చి చూడాలి, ఆరు గానీ అంతకంటే ఎక్కువ గానీ చెప్పిన గడి కంటే లేతగా ఉంటే యూరియా వెయ్యాలి. దాన్ని వాడే పద్ధతిలో ఒక మాట ఉంటుంది. సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, మీ ఒంటి నీడ ఆకు మీద పడేలా చూసుకోవాలి, ప్రతిసారీ ఒకే వేళకి, ఒకే మనిషి చూడాలి. చాలామంది ఇదేదో చాదస్తం అనుకుని వదిలేస్తారు. అది చాదస్తం కాదు. ఆకు మీద నేరు ఎండ పడితే మైనపు మెరుపు రంగును లేతగా చూపిస్తుంది, అక్కర్లేని యూరియా బస్తా ఖర్చు పెట్టిస్తుంది. మీ ఒంటి నీడే అక్కడ మబ్బు.

ఇంతవరకూ చేను తిప్పి పంపిన వెలుతురు మాట. తినే వెలుతురు మాట కూడా ఓ రెండు ముక్కలు చెప్పకపోతే లెక్క తేలదు. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో అగ్నిపర్వతం పేలింది. అది ఎగజిమ్మిన గంధకపు పొగ పలచని తెరలా భూగోళం చుట్టూ కమ్ముకుంది. ఆ తెర నేరు ఎండను కొంత తగ్గించి, చెదిరిన వెలుతురును బాగా పెంచింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో హార్వర్డ్ ఫారెస్ట్ అనే అడవి ఉంది. అక్కడి చెట్లు గాలిలోంచి ఎంత బొగ్గుపులుసు వాయువు తీసుకుంటున్నాయో స్తంభాల మీది పరికరాలతో ఎడతెగకుండా కొలుస్తున్నారు. ఆ కొలతలు తిరగేసి లియాన్‌హాంగ్ గూ బృందం 2003లో ప్రచురించిన లెక్క ప్రకారం, మబ్బులేని మధ్యాహ్నాల్లో ఆ అడవి ఆహార తయారీ 1992లో 23 శాతం, 1993లో 8 శాతం పెరిగింది. ఎండ తగ్గితే పంట పెరిగినట్టయింది.

ఎందుకో తెలియాలంటే పెళ్ళిభోజనాల బంతి గుర్తుచేసుకోండి. నేరు ఎండ వడ్డన తెలియని కుర్రాడి లాంటిది. ముందు వరసలో కూర్చున్న నలుగురి విస్తళ్ళలో వాళ్ళు వద్దు వద్దంటున్నా గరిటెలు గరిటెలు పోసేస్తుంది. చివరి వరస ఖాళీ విస్తళ్ళ ముందు కూర్చునే ఉంటుంది. పై ఆకు ఒక హద్దు దాటాక ఎంత ఎండ పోసినా తినలేదు. చెదిరిన వెలుతురు అందరి విస్తట్లోనూ తలో ముద్ద పెడుతుంది.

అలాగని ముసురును పొగడటానికి నేను సిద్ధంగా లేను. పలచని తెర వేరు, పది రోజుల ముసురు వేరు. వంట సగమే అయితే వడ్డన ఎంత చక్కగా ఉన్నా కడుపు నిండదు. ఈనిక వేళ ముసురు పడితే గింజ పాలు పోసుకోక తాలు పోతుంది. ఖరీఫ్ పంట సార్వా కంటే దాళ్వాలో బస్తాలు ఎక్కువ రావడానికి మొదటి కారణం ఎండే అని డెల్టా రైతును నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. చెదిరిన వెలుతురు గొప్పదనం గురించి ఉత్సాహంగా రాసే వ్యాసాలు ఈ రెండో సగాన్ని మరిచిపోతుంటాయి.

మబ్బు పైరును మార్చడం చూశాం. పైరు కూడా మబ్బును మారుస్తుంది. నాకు ఈ విషయం మొత్తంలో ఇష్టమైన భాగం ఇదే.

రాత్రిపూట దూరాన ఓ పట్నం ఉంటే, దాని మీది మబ్బు అడుగు ఎర్రగా వెలుగుతుంది. ఊరి దీపాలు మబ్బును కింది నుంచి వెలిగిస్తున్నాయన్నమాట. ధ్రువ సముద్రాల్లో పాతకాలపు నావికులు దీన్నే దారి చూసుకోవడానికి వాడుకున్నారు. మబ్బు అడుగు తెల్లగా మెరిస్తే దాని కింద మంచుగడ్డ ఉందని, నల్లగా ఉంటే ఓడ పోవడానికి నీటి దారి ఉందని తెలుసుకునేవారు. పచ్చటి చేల మీది మబ్బుకీ ఇదే జరుగుతుంది గానీ మన కంటికి తెలియదు. ఎందుకంటే చేను ఎర్రకాంతిలో నల్లటి గుడ్డ, పరారుణంలో తెల్లటి గుడ్డ. చేను ఎగజిమ్మిన పరారుణం మబ్బు అడుక్కి తగిలి మళ్ళీ కిందికొస్తుంది, చేను మళ్ళీ సగం పైకి పంపుతుంది. ఆ ఇద్దరి మధ్యా బంతాట.

2000 సంవత్సరంలో నాసా గొడ్డార్డ్ కేంద్రానికి చెందిన అలెగ్జాండర్ మార్షాక్, బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన యూరీ క్న్యాజిఖిన్ తదితరులు ఈ బంతాటను ఒక కొలబద్దగా మార్చారు. వాళ్ళ చిక్కు ఏమిటంటే, నేల మీద నిలబడి నడినెత్తిన ఉన్న మబ్బు వెలుగును కొలిస్తే ఆ మబ్బు మందం తెలియదు. పలచని మబ్బు ఉత్త ఆకాశం కంటే వెలుగ్గా ఉంటుంది. మందం పెరుగుతున్నకొద్దీ కొంతదాకా వెలుగు పెరిగి, తర్వాత తగ్గడం మొదలవుతుంది. అంచేత ఒకే వెలుగు పలచని మబ్బుకీ చెల్లుతుంది, దట్టమైన మబ్బుకీ చెల్లుతుంది. వాళ్ళు ఎరుపులో ఒకసారి, పరారుణంలో ఒకసారి కొలిచారు. మబ్బుకి ఈ రెండు రంగులూ దాదాపు ఒకటే. తేడా అంతా కింది పచ్చదనానిది. మబ్బు దట్టమైనకొద్దీ అది కింది నుంచి వచ్చే పరారుణాన్ని ఎక్కువగా తిప్పికొడుతుంది కాబట్టి రెండు కొలతల మధ్య ఎడం పెరుగుతుంది. ఆ ఎడాన్ని బట్టి మందం తేల్చారు. పచ్చదనం చూసే సూచికనే తిరగేసి ఆకాశం వైపు పెట్టారన్నమాట. పొలంలో నిలబడి పొలం సాయంతో మబ్బును తూచడం!

ఇక ఉపగ్రహం. మబ్బు పైనుంచి చూసేవాడికి ఈ నాజూకులేవీ ఉండవు, మబ్బు ఒక మూత, అంతే. మన ఖరీఫ్ అంతా నైరుతి మూత కిందే గడుస్తుంది. నాట్లు పడేదీ, పిలకలు వేసేదీ సరిగ్గా ఆ నెలల్లోనే. యూరప్ వారి సెంటినెల్-2 ఉదయం పదిన్నర ప్రాంతంలో మన మీదుగా పోతుంది. ఆ వేళను ఎంచుకోవడానికి ఒక కారణం, మధ్యాహ్నానికి పింజ మబ్బులు లేచే లోపలే చూసిపోవాలని. ఎండ బాగా వాలి ఉంటే నీడలు పొడుగవుతాయి కాబట్టి మరీ పొద్దున్నే కూడా పనికిరాదు. పల్లెల్లో పొలానికెళ్ళి భోజనాల వేళకి తిరిగొచ్చే పెద్దవాళ్ళ లెక్కే ఇది. ఇంకో ఉపాయం, పదహారు రోజుల చిత్రాలు పక్కపక్కన పెట్టి ప్రతి చేనుకీ వాటిలో అన్నిటికంటే పెద్ద పచ్చదనపు సూచికను ఎంచుకోవడం. మబ్బు ఎప్పుడూ ఆ సూచికను తగ్గిస్తుందే గాని పెంచదు కాబట్టి, పెద్ద అంకె ఉన్న రోజే మబ్బు తక్కువున్న రోజు అని నమ్మకం.

పదహారు రోజుల్లో ఒక్క రోజైనా మబ్బు విడవకపోతే? ఆ చిక్కుకి జవాబుగానే మన ఇస్రో 2012 ఏప్రిల్ 26న రిశాట్-1ని శ్రీహరికోట నుంచి పంపింది. అది సూర్యుడి వెలుతురు మీద ఆధారపడేది కాదు. తన రాడార్ తరంగాలు తానే పంపి, తిరిగొచ్చిన వాటిని తానే అందుకునేది. వాటికి మబ్బు అడ్డు కాదు. దమ్ము చేసి నీళ్ళు నిలిపిన మడి అద్దంలా ఆ తరంగాల్ని అవతలికి జారవిడుస్తుంది కాబట్టి చిత్రంలో నల్లగా పడుతుంది. నాట్లు పడి దుబ్బులు కట్టినకొద్దీ ఆ నలుపు తెల్లబడుతూ వస్తుంది. నలుపు తెలుపయ్యే ఆ నడకే వరికి గుర్తు. దాని తర్వాత 2022 ఫిబ్రవరి 14న ఈఓఎస్-04, అమెరికాతో కలిసి చేసిన నైసార్ 2025 జూలై 30న, రెండూ శ్రీహరికోట నుంచే వెళ్ళాయి.

పైరు ఎక్కడుందో రాడార్ చెబుతుంది. ఆకు ఎంత పచ్చగా ఉందో మాత్రం చెప్పలేదు. దానికి మళ్ళీ ఎండే కావాలి, లేదా మబ్బు కిందికి దిగి చూసే కన్ను కావాలి.

నా 135 పాళ్ళ లెక్క సంగతి సగంలో వదిలేశాను. ఆ రోజు మూడు గంటలయ్యేసరికి పింజలన్నీ కలిసిపోయి ఆకాశం ఒకే బూడిదరంగు దుప్పటి అయింది. నేను సంచీ సర్దుకోబోతుంటే ఆ రైతే "ఇప్పుడు చూడండి మాస్టారూ, ఇప్పుడు అడ్డం పడే మబ్బే లేదు కదండీ, అంతా మబ్బే" అన్నాడు. నిజమే. పలక చూశాను, చేను చూశాను, మళ్ళీ పలక చూశాను. పది కొలతలు ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడాతో వచ్చాయి. తూర్పు గట్టు మీంచి చూసినా పడమటి గట్టు మీంచి చూసినా దాదాపు అదే అంకె. పొద్దున్నుంచి ఎండలో నిలబడి రాసుకున్న నాలుగు పేజీలు కొట్టేసి ఆ పదీ ఉంచాను.

పదకొండోది తీస్తుండగా చినుకు మొదలైంది. ఆ తెల్లపలక మీద నీటిచుక్క పడితే మచ్చ పడుతుందని, మచ్చ పడితే ఇక కొలతకి పనికిరాదని పొద్దున్న ఆయనకి చెప్పాను. నేను మీటరు సంచీలో పెట్టేలోపలే ఆయన నెత్తిన ఉన్న తుండుగుడ్డ తీసి పలక మీద కప్పి, దాన్ని పొట్టకి హత్తుకుని మోటారు షెడ్డు కేసి పరుగెత్తాడు. వెనకాలే నేను. షెడ్డులో తుండుగుడ్డ విప్పి చూస్తే పలక పొడిగానే ఉంది. బయట వానలో చేను, పొద్దున్నుంచి ఎప్పుడూ లేనంత పచ్చగా ఉంది.